పాత కారుతో ఊరు మారేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రిటైరయ్యాక ఎక్కడ స్థిరపడాలి, బదిలీ అయిన ఊరికి బండి తీసుకెళ్లాలా వద్దా అని అడుగుతూ పాత కార్లున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఏడింటిని ఈసారి తీసుకున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: వచ్చే ఏడాది నాకు ఉద్యోగ విరమణ. ఇప్పుడు నాగపూర్‌లో ఉంటున్నాం. నాన్నగారు కొన్న 1982 ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, కోయంబత్తూరు అనుకుంటున్నాం. బండి సంగతి కూడా చూసుకుంటే ఎక్కడ ఇల్లు తీసుకోమంటారు?

జవాబు: ఇల్లు చూసే ముందు మేస్త్రీని చూడండి. స్పేర్ పార్టు కొరియర్‌లో వస్తుంది, మేస్త్రీ రాడు. పద్మిని తయారీ 2001లో ఆగిపోయింది. కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపేది), పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి స్పార్క్ పుట్టించేవి), డైనమో మీద పని నేర్చుకున్న చేతులకు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసు. అలాంటి మేస్త్రీ ఉండి, ఆయన దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకుంటున్న షెడ్డు ఏ ఊళ్లో దొరికితే ఆ ఊరికి సగం మార్కులు అక్కడే వేసేయండి.

మేస్త్రీని అంచనా కట్టడానికి పెద్ద పని అప్పగించక్కర్లేదు. డెల్కోలో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లో, పాయింట్లు సెట్ చేయమని అడిగి పక్కన నిలబడండి. గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఫీలర్ గేజ్ తీసి పెట్టారా, హాక్సా బ్లేడు ముక్క దూర్చి బిగించేశారా చూడండి. బ్లేడు మందం 0.6 దాటుతుంది. గ్యాప్ అంత ఎక్కువైతే పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గి కాయిల్ పూర్తిగా చార్జ్ కాదు. ఊళ్లో బాగానే తిరిగే బండి హైవే మీద అరవై దాటగానే మిస్ కొడుతుంది. పైగా గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. గ్యాప్ ఎక్కువైతే స్పార్క్ ముందుకు జరుగుతుంది, తక్కువైతే వెనక్కి పోతుంది. అందుకని పాయింట్లు బిగించాక టైమింగ్ మళ్లీ చూసినవారే పని తెలిసినవారు. రెండో పరీక్ష బ్రేకులది. ఒక డ్రమ్ విప్పించండి. వీల్ సిలిండర్ రబ్బరు బూటు కింద తడి ఉందేమోనని ఆయనంతట ఆయనే వేలు పెట్టి చూస్తే మీకిక దిగులు లేదు. ఆ కాలం బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. ఒక్కచోట కారినా పెడల్ మొత్తం కిందికి పోతుంది.

ఇక ఊళ్లు. కారు పెట్టుకోవడానికి హైదరాబాద్ మంచిది. దక్కన్ పీఠభూమి మీద, సముద్రానికి దూరంగా ఉంది కాబట్టి తుప్పు నెమ్మదిగా పడుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత బండ్ల సామాను తెలిసిన దుకాణాలు ఇంకా ఉన్నాయి. ఇబ్బందల్లా పల్లపు కాలనీలతోనే, ఆ సంగతి కింద వేరే జవాబులో ఉంది.

విజయవాడ బలం ఆటోనగర్. బాడీ పని, గ్యాస్ వెల్డింగ్, లేత్ పని, కమాను కట్టలు, రేడియేటర్ రీకోరింగ్ అన్నీ నడిచి వెళ్లే దూరంలో జరుగుతాయి. పద్మిని ఫ్లోర్ షీటు కొత్తది దొరక్కపోతే రేకు కొట్టి అచ్చంగా అదే వంపు తెచ్చే పనివాళ్లున్నారు. కానీ ఎండాకాలం బండికి పరీక్షే. పద్మిని పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం బజారుకెళ్లి పది నిమిషాలు ఆపి వస్తే పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. పంపు మీద తడి గుడ్డ వేస్తే అప్పటికి గండం గడుస్తుంది. శాశ్వతంగా కావాలంటే పంపుకీ బ్లాకుకీ మధ్య బేకలైట్ స్పేసర్ వేయించి, పైపును మానిఫోల్డ్‌కు దూరంగా తిప్పించండి. ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తామంటే 2 నుంచి 3 పీఎస్ఐ ఇచ్చేదే పెట్టించండి. అంతకు మించితే కార్బురేటర్ నీడిల్ వాల్వ్ ఆపలేక పెట్రోల్ పొంగుతుంది. వేడి ఇంజన్ మీద అది అగ్గి ప్రమాదం.

బెంగళూరు వాతావరణం బండికి హాయి, జేసీ రోడ్డులో సామానుకూ కొదవ లేదు. అయితే ఆ ట్రాఫిక్‌లో క్లచ్ ప్లేటు, రేడియేటర్, మీ ఎడమ కాలు ఒకేసారి అలిసిపోతాయి. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, మిశ్రమంలో పెట్రోల్ పాలు పెరుగుతుంది. ప్లగ్గులు నల్లగా మసిబారితే ముందు ఐడిల్ స్క్రూ సరిచేయించండి. ఎవరైనా వెంటనే జెట్ (కార్బురేటర్లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) మార్చాలంటే ఒప్పుకోకండి.

కోయంబత్తూరును ఎక్కువమంది లెక్కలోకి తీసుకోరు, కానీ ఇంజన్ పనికి మా ఓటు దానికే. పంపులు, ఫౌండ్రీలు, లేత్‌ల ఊరది. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, దొరకని బుష్ కొత్తగా తిప్పించడం, అన్నీ కొలత తప్పకుండా జరుగుతాయి. పాత కార్లంటే అభిమానం ఉన్న ఊరు, జీడీ కార్ మ్యూజియం అక్కడే ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి భాష ఇబ్బంది కూడా తక్కువే.

మీ ఇంటివారికి తెలుగు ఊరే కావాలంటే మా సలహా ఒకటే. ఇల్లు హైదరాబాద్‌లో తీసుకుని, బాడీ పని వచ్చినప్పుడు బండిని విజయవాడ తీసుకెళ్లండి. దూరం 270 కిలోమీటర్లు, ఒక పూట ప్రయాణం. కొనే ముందు మార్చి నుంచి ఆగస్టు దాకా అద్దెకు ఉండి చూడండి. ఎండ, వాన రెండూ బండికి ఎలా ఉంటాయో ఆ ఆరు నెలల్లో తెలిసిపోతుంది.

ప్రశ్న: విశాఖలో సముద్రం కనబడే ఫ్లాట్ కొందామని ఇంట్లో పట్టు. నా దగ్గర 1974 అంబాసిడర్ ఉంది. ఉప్పు గాలికి పాడవుతుందా?

జవాబు: పాడవుతుంది. ఎంత త్వరగా అన్నది అలలకు మీ ఇల్లు ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. గాలిలో తేలే ఉప్పు మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఎక్కువగా రాలుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వరసలో ఇల్లయితే కారును అక్కడ ఆరుబయట ఉంచకండి. గోపాలపట్నం, పెందుర్తి వైపు లోపలికి షెడ్డు అద్దెకు తీసుకుని కారు అక్కడ, మీరు ఇక్కడ ఉంటే ఇద్దరికీ మంచిది. వారానికోసారి అక్కడికి వెళ్లిరావడం అనుకున్నంత కష్టం కాదు.

అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్ తుప్పు పడితే అది రంగుతో తీరిపోయే సమస్య కాదు, బండి నడుమే బలహీనపడుతుంది. అప్పుడు జాకీ పెట్టి ఎత్తితే తలుపు సందు మారిపోతుంది, తలుపు సరిగా మూసుకోదు. అద్దం రబ్బరు కింద, హెడ్‌లైట్ల వెనక, బ్యాటరీ ట్రే, డిక్కీలో స్టెపినీ గుంట, తలుపుల అడుగు అంచులు కూడా చూడండి. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతూ వెళ్లండి. పట్టు సడలిన చోట రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది.

రక్షణకు ముందుగా తలుపులకూ సిల్స్‌కూ అడుగున ఉండే నీటి రంధ్రాలు సన్నని తీగతో శుభ్రం చేయించండి. అవి మట్టితో మూసుకుపోతే లోపల నిలిచిన నీరే రేకును తినేస్తుంది, ఉప్పు గాలి ఆ తర్వాత సంగతి. పొడిగా ఉన్న రోజు చూసి సిల్స్ లోపలికి పొడవాటి గొట్టంతో క్యావిటీ వాక్స్ కొట్టించండి. చాలా షెడ్లలో చేసేలా తుప్పు మీదే నల్ల అండర్‌కోటింగ్ పూయించవద్దు. పైకి కొత్తగా కనిపిస్తుంది, కింద తేమ చిక్కుకుని తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. బీచ్ వైపు వెళ్లొచ్చిన రోజు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగి, పది కిలోమీటర్లు నడిపి ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమట పట్టినట్టు అవుతుంది కాబట్టి నూలు కవరు వాడండి. మూసిన గ్యారేజీ అయితే డీహ్యూమిడిఫైయర్ పెట్టి తేమను 50 శాతం దగ్గర నిలపండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి బెంగళూరుకు మారుతున్నాం. కారు 1978ది, మూడక్షరాల పాత నంబరు. ఆ నంబరు పోకుండా కాగితాలు మార్చుకునే దారి ఉందా?

జవాబు: మామూలు దారిలో పోతుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని కార్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు, అంతకుముందే రిజిస్టరై ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. మీ ఆర్సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. 1978 అయితే 2028లో అర్హత వస్తుంది.

కానీ ఆ నమోదుతో పాటు ఒక కట్టుబాటు ఉంది. వింటేజ్ బండిని రోజువారీగా వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ కొట్టించుకోవడం, మరమ్మతులు, వాటికి రానూపోనూ ప్రయాణం వరకే అనుమతి. ఆదివారం పొద్దున కుటుంబంతో టిఫిన్‌కు వెళ్లే బండి అయితే వింటేజ్ చేయించవద్దు, నంబరు మీద ఆశ వదులుకోండి. ఏడాదికి రెండు ర్యాలీలకే బయటికి తీసే బండి అయితే 50 ఏళ్లు నిండేదాకా హైదరాబాద్‌లోనే అన్నదమ్ముల ఇంట్లో ఉంచి, అక్కడే వింటేజ్ చేయించాక తీసుకెళ్లండి.

మామూలు దారే అయితే వరస ముఖ్యం. ముందు హైదరాబాద్‌లోనే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోండి. గడువు తీరడానికి 60 రోజుల లోపు ఫారం 25 ఇవ్వాలి, బండి చూపించాలి. ఒకసారి చేస్తే ఐదేళ్లు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు రుసుము 10,000 రూపాయలు, విదేశీ కారుకైతే 80,000. చలానాలు కట్టేసి, ఆ తర్వాత ఫారం 28తో ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) అడగండి. బెంగళూరు చేరాక ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు, అక్కడి లైఫ్ ట్యాక్స్.

పనులు ఎక్కువగా ఆగేది రెండు చోట్ల. పాత ఆర్సీ పుస్తకం వివరాలు కంప్యూటర్లో ఎక్కి ఉండవు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే ఆ వివరాలు ఎక్కించే పని, మొదట రిజిస్టరైన ఆఫీసులోనే చేయించుకోవాలి, కొత్త ఊళ్లో కాదు. రెండోది ఇంజన్ నంబరు. ఎప్పుడో పాత ఇంజన్ తీసేసి వేరేది వేసి ఉంటారు, ఆర్సీలో పాత నంబరే ఉంటుంది. దరఖాస్తు పెట్టే ముందే చాసిస్, ఇంజన్ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకుని, ఆర్సీతో ఒక్కో అంకె పోల్చండి. 3, 8 దగ్గర మరీ జాగ్రత్త. తేడా ఉంటే సొంత ఊళ్లో ఉండగానే సరిచేయించుకోండి.

ప్రశ్న: ఢిల్లీకి బదిలీ అయింది. 1985 పెట్రోల్ కారు వెంట తీసుకెళ్లవచ్చా?

జవాబు: తీసుకెళ్లకండి. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2014, 2015లలో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. గురుగ్రామ్, నోయిడా, ఫరీదాబాద్, ఘజియాబాద్ కూడా అందులోకే వస్తాయి, కాబట్టి పొరుగూళ్లో ఇల్లు తీసుకున్నా ఉపయోగం లేదు. ఆ తర్వాత కూడా కోర్టుల్లో మార్పులు చేర్పులు జరుగుతూ వచ్చాయి, కానీ 1985 బండిని వాటి మీద నమ్మకంతో తీసుకెళ్లడం సాహసం. సొంత ఊళ్లో ఎండ తగలని చోట ఉంచి వెళ్లండి. ఎలా ఉంచాలో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్ చాలదా, ఇండిపెండెంట్ ఇల్లే కావాలా? ఏడాదిలో నాలుగు నెలలు పిల్లల దగ్గర విదేశంలో ఉంటాం.

జవాబు: స్టిల్ట్‌లో నీడ ఉంటుంది, అంతవరకు మంచిదే. కష్టాలు మూడు. పక్కనే సంపు ఉంటే ఎప్పుడూ తేమ. బానెట్ తెరిచి పని చేసుకోబోతే అసోసియేషన్ వారి అభ్యంతరం. మూడోది వరద, అన్నిటికన్నా పెద్దది అదే. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల కింద పెట్టిన కార్లు మునిగాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకర్‌ను కాదు, వీధి చివర కిరాణా కొట్టాయనను అడగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. పక్కింటి ప్రహరీ గోడ మీద మరక కూడా చెబుతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మునిగిన బండికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) కూడా ఉన్న పాలసీ తీసుకోండి. ఐదేళ్లు దాటిన బండికి విలువ మీరు, కంపెనీ మాట్లాడుకుని ఖరారు చేసుకునేదే. ఫొటోలు, బిల్లులు చూపించి ఆ అంకె రాయించుకోండి.

ఇండిపెండెంట్ ఇల్లయితే గ్యారేజీ లోపల 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండాలి. అంబాసిడర్ పొడవు 14 అడుగుల పైచిలుకు, వెడల్పు ఐదున్నర. చుట్టూ మూడడుగులు లేకపోతే చక్రం విప్పడానికి వంగలేరు. నేల వీధి కన్నా కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. ర్యాంపు మాత్రం నెమ్మదిగా ఎక్కేలా పొడుగ్గా కట్టించండి. నిటారుగా కడితే పాత బండి సైలెన్సర్ నేలకు రాసుకుంటుంది.

నాలుగు నెలలు ఊళ్లో లేకపోతే: ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. వెళ్లే ముందు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. పెట్రోల్ పైపులు అసలు నల్ల రబ్బరువే అయితే ఫ్లోరో రబ్బరు పొర ఉన్న జె30 ఆర్9 రకానికి మార్పించండి, పంపు డయాఫ్రమ్ కూడా. మార్చాక మొదటి రెండు ట్యాంకులకు ఫిల్టరు తరచూ చూడండి, ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి తెస్తుంది. ఇంజన్ ఆయిల్ వెళ్లే ముందే మార్పించండి, వచ్చాక కాదు. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నిలిచిన బండిలో బేరింగులను తింటాయి. హ్యాండ్ బ్రేక్ వేయకండి, లైనింగు డ్రమ్‌కు అతుక్కుపోతుంది. చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. టైర్లలో గాలి మామూలు కన్నా 10 పీఎస్ఐ ఎక్కువ పెట్టండి. సైలెన్సర్ గొట్టానికీ ఎయిర్ ఫిల్టర్ నోటికీ ఇనుప జల్లెడ కట్టండి, ఎలుకలు దూరకుండా. వచ్చి తీసేవాళ్లకు గుర్తుండేలా స్టీరింగ్‌కు చీటీ కట్టండి.

వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని వాచ్‌మన్‌కు తాళాలు ఇచ్చి వెళ్తుంటారు. అది బండికి చేటు. చల్లటి ఇంజన్లో నీటి ఆవిరి సైలెన్సర్లో, ఆయిల్లో నిలిచిపోతుంది. నడిపితే అరగంట నడపాలి, లేదంటే ముట్టుకోకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. డెట్రాయిట్‌లో ఒక ఉద్యోగం, డాలస్‌లో ఒకటి వచ్చాయి. జీతం దాదాపు ఒకటే. నా దగ్గర 1967 మస్టాంగ్ ఉంది, తుది నిర్ణయం దాన్నిబట్టే తీసుకుంటాను.

జవాబు: అయితే డాలస్. డెట్రాయిట్‌లో కార్ల గురించి తెలిసినవారికి కొదవ లేదు, కానీ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బండి లోపలే. డాలస్ ఉన్న టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు వార్షిక సేఫ్టీ తనిఖీ తీసేశారు. పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్లు దాటిన బండికి అది వర్తించదు. నంబరు ప్లేట్లు తీసుకునేటప్పుడు తొందరపడకండి. యాంటిక్ ప్లేటుతో ప్రదర్శనలు, క్లబ్ కార్యక్రమాల వరకే తిరగాలి. మామూలుగా తిరగాలంటే క్లాసిక్ ప్లేటు తీసుకోండి.

డాలస్ ఇబ్బంది వడగళ్లు. వసంతకాలంలో నిమ్మకాయంత వడగళ్లు పడి బానెట్ మీద గుంటలు పెడతాయి. కార్‌పోర్టు చాలదు, తలుపున్న గ్యారేజీ ఉండాలి. ఇల్లు కొనే ముందు కాలనీ అసోసియేషన్ నిబంధనలు అడిగి చదవండి. డ్రైవ్‌వేలో కవరు కప్పిన కారు, నడవని కారు ఉంచకూడదని రాసిన కాలనీలు చాలా.

తరలించే ముందు ఒక పరీక్ష చేసుకోండి. ఆ ఏళ్ల మస్టాంగ్‌లకు విండ్‌షీల్డ్ ముందున్న గాలి జల్లెడ కింది రేకు, అంటే కౌల్, తుప్పు పట్టి కారుతుంది. ముందు సీటు కింది కార్పెట్ ఎత్తి, జల్లెడ మీద రెండు మగ్గుల నీళ్లు నెమ్మదిగా పోయండి. కాళ్ల దగ్గర చుక్క పడితే కౌల్ పోయినట్టే. దాన్ని బాగు చేయాలంటే ఫెండర్లు విప్పి, వెల్డు చుక్కలు డ్రిల్లు చేసి పై రేకు ఎత్తాలి. అది వారాల పని, ఇల్లు మారే హడావుడిలో మొదలుపెట్టేది కాదు. కారకపోతే మూసిన ట్రక్కులో పంపించండి, పెట్రోల్ పావు ట్యాంకు మించకుండా.

ప్రశ్న: లండన్‌లో ఇల్లు మారుతున్నాం. 1979 కారు ఉంది. యూలెజ్ ఛార్జీ (పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద లండన్‌లో వేసేది) పడుతుందా?

జవాబు: పడదు. 40 ఏళ్లు దాటి హిస్టారిక్ వెహికల్ ట్యాక్స్ తరగతిలో ఉన్న బండికి మినహాయింపు ఉంది. ఆ తరగతిలోకి మారడం తనంతట తాను జరగదు, లాగ్‌బుక్ (అక్కడి ఆర్సీ) పట్టుకెళ్లి దరఖాస్తు పెట్టి మార్పించుకోవాలి. బండిలో పెద్ద మార్పులు జరగకపోతే ఎంవోటీ (అక్కడి వార్షిక ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా ఒకసారి చేయించండి. బ్రేకు పైపుల మీద తుప్పు వాళ్ల లిఫ్టు మీద ఎక్కితేనే కనిపిస్తుంది.